గట్టు మీద నిలబడతానన్న మాట

మేము ఆ ఊరికి చేరేసరికి పగలు పదకొండున్నర. ఉరవకొండ నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు, అందులో చివరి ఆరూ కంకర బాట. జులై నెల. గాలి మనిషిని పక్కకు తోసేంత ఉంది. ఎర్రదుమ్ము రైఫిల్ బోల్టులోకీ, చెవుల్లోకీ, అన్నంలోకీ తేడా లేకుండా దూరింది. లారీ దిగింది పదిమందిమి. ఒక హవల్దారు, ఒక వైర్‌లెస్ సెట్టు ఆపరేటరు, ఎనిమిది మంది జవాన్లు. మనిషికో రైఫిలు, నలభై రౌండ్లు, ఒక లాఠీ, ఒక వెదురు డాలు, ఒక నీళ్ల సీసా. మకాం రెండు గదుల ప్రాథమిక పాఠశాలలో. బడికి సెలవిచ్చేశారు.

జవాను అనగానే మీకు మంచుకొండలు గుర్తొస్తాయి. నేను కేంద్ర బలగంలో పద్దెనిమిదేళ్లు చేశాను. కొండలు చూశాను, అడవులు చూశాను. నీకు ఎక్కడ భయం వేసిందిరా అని అడిగితే మాత్రం, రెండు వేల సంవత్సరం తర్వాత వచ్చిన ఆ కరువేళ్లలో మన జిల్లాలోనే చేసిన ఈ డ్యూటీ గురించే చెప్పాలి. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇంకా అక్కడే బతకాలి.

అంతకు ముందురోజే పెద్దాయన పోయాడు. అక్కడ పెద్దాయన అంటే ఇంకో వివరం అడగరు. ఈ ఎండునేలకు నీళ్లు రావాలంటే వేరే రాష్ట్రమే కావాలని పార్టీ పెట్టినవాడు. సీమ ఒక దేశమైతే దానికి ముగ్గు పోసింది తానేనని చెప్పుకున్నా కాదనేవాడు లేడు. పార్టీ పుట్టింది మేము మకాం వేసిన బడి వరండాలోనేనట. ముప్పై ఏళ్లు ఆయన మాటే అక్కడ కోర్టు, ఆయన చీటీయే సర్కారు. పోతూ పోతూ తన తర్వాత ఎవరో చెప్పలేదు. కొడుకు ఒకవైపు, బావమరిది ఒకవైపు. ఇద్దరి మనుషులూ ఏడుస్తూనే అవతలివాళ్లు ఎంత ఏడుస్తున్నారో ఓరకంట చూసుకుంటున్నారు.

పదకొండో రోజు పెద్దకర్మ. అందాకా గొడవ లేవకుండా చూడటం మా పని. ఆర్డరు మూడు ముక్కలు. ఊళ్లో ఎవరింటా తినొద్దు. ఏ వర్గంతోనూ చెలిమి వద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. హవల్దారు బీహారు మనిషి. నాది కళ్యాణదుర్గం పక్క పల్లె అని తెలిసి నన్ను దుబాసీగా పెట్టుకున్నాడు. సొంత జిల్లాలో డ్యూటీ వేయరు. ఆ హడావిడిలో కాగితం ఎవరూ చూసుకోలేదు.

మొదట కంటబడింది గుండ్లు. మనలో గుండు చేయించుకునేది కొడుకులు, దాయాదులు. అక్కడ ఊరంతా చేయించుకుంది. మర్నాడు కూడా మంగలి పొద్దున ఆరుకు బడి ఎదుట కూర్చుంటే ఎండ నెత్తికెక్కేదాకా లేవలేదు. పెద్దాయనకు జన్మలో ఓటెయ్యని ముసలాయన కూడా తువ్వాలు భుజాన వేసుకుని వరసలో నిలబడ్డాడు. మా సెట్టు ఆపరేటరు ఒడియా కుర్రాడు, సరదా మనిషి. మన ట్రైనింగ్ సెంటరు ఇక్కడికి వచ్చేసిందే అని హిందీలో అని నవ్వాడు. ఎదురింటి అరుగు మీదున్న నలుగురూ ఒక్కసారే తలలు తిప్పి చూశారు. ఆ తర్వాత మేమెవ్వరం బయట నవ్వలేదు.

ప్రతి గుమ్మానికీ పెద్దాయన ఫొటో. కొడుకు మనుషులు పంచిన ఫొటోలో ఆయనకు కళ్లద్దాలు, బావమరిది మనుషులు పంచిన దాంట్లో తలపాగా. తెలివైనవాళ్లు రెండూ తగిలించారు. టీకొట్టు తెరిచారు గానీ రేడియో పెట్టలేదు. కుదిరిన పెళ్లి ఒకటి ఆగింది. చంటిపిల్ల ఏడిస్తే ఎవరూ తొందరపడి ఊరుకోబెట్టలేదు. ఎవరితో ఏం మాట్లాడబోయినా ముందు "పాపం, పెద్దాయన" అనాలి. ఆ రెండు మాటలూ చెల్లించాకే ఉప్పు అడిగినా, నిప్పు అడిగినా.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడుకు వాన పట్టుకుంది. గంటా పది నిమిషాలు ఏకధారగా కురిసింది. ఆ సంవత్సరానికి అదే మొదటి గట్టి వాన. బడి వరండాలో నిలబడి ఎర్రమట్టి వాసన పీలుస్తుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మర్నాడు తెల్లారేసరికి చేలన్నీ విత్తనం వేసే గొర్రులతో నిండిపోతాయనుకున్నాను. మనవైపు వాన పడితే పెళ్లికొడుకైనా పీటల మీంచి లేచి చేనికి పోతాడు. వేరుశనగ విత్తనం నేలలో తడి ఆరకముందే, ఆ నాలుగు రోజుల పదునులో పడాలి. ఈ గాలికి నాలుగు రోజులు కూడా ఎక్కువే.

తెల్లారింది. ఒక్క కాడీ కదలలేదు. ఆరో రోజూ కదలలేదు. ఎద్దులు కొట్టంలో గాటికే ఉన్నాయి. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని తమ చేలవైపు చూడకుండా ఎటో చూస్తున్నారు. కారణం అడిగితే ఎవరూ వద్దనలేదంటారు. కొడుకు వర్గం వాడిని అడిగాను. మాకేం అభ్యంతరం, అవతలివాళ్లు తప్పు పడతారేమో అన్నాడు. అవతలివాడు కూడా అదే మాట ఇటు తిప్పి చెప్పాడు. పెద్దాయన మైల తీరకముందే మొదటి గొర్రు ఎవడు కడితే వాడు ద్రోహి. ఆ మాట ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. అందరూ దానికి కట్టుబడ్డారు.

హవల్దారును బతిమాలి కంట్రోలు రూమును అడిగించాను. ఆపరేటరు సెట్టు అందుకున్నాడు.

"కంట్రోల్, డెల్టా త్రీ. ఊళ్లో సేద్యం చేయొద్దని ఆర్డరేమైనా ఉందా? ఓవర్."

"డెల్టా త్రీ, అలాంటి ఆర్డరు లేదు. పరిస్థితి ఎలా ఉంది? ఓవర్."

"ప్రశాంతం. ఓవర్."

బడి వెనక గోడకు ఆనుకుని ఓబుళమ్మ చేను. ఐదెకరాలు. ఆమెకు నలభై ఐదేళ్లుంటాయి, భర్త పోయి చాలాకాలమైంది. పక్క ఊరి నుంచి ఆమె తమ్ముడు ఎద్దులు తోలుకొచ్చాడు. ఏడో రోజు సాయంత్రానికి వాటిని వెనక్కి తోలుకుపోవాలి. విత్తనం కాయలు వొలిచి పెట్టుకుంది. వొలిచిన గింజ ఎక్కువ రోజులు ఆగదు. తింటే అయిపోతుంది, దాస్తే చచ్చిపోతుంది. ఆమె ఇంట్లో ఉన్న విత్తనం అంతే.

ఆరో రోజు మధ్యాహ్నం నేను గోడ దాటి ఆమె చేలో కూర్చుని జానెడు లోతు తవ్వాను. మట్టి పిడికెడు తీసి నొక్కితే ఉండ కట్టింది. మోకాలి ఎత్తు నుంచి వదిలితే సగమే పగిలింది. ఇంకొక్క రోజు. ఆమె గట్టు మీద నిలబడి చూస్తోంది. నేను పట్టిన తీరు చూసి నాది సేద్యం ఇల్లేనని పసిగట్టింది.

"యా ఊరప్పా నీది?"

"కళ్యాణదుర్గం పక్కన అక్కా. రేపు ఒక్కరోజే ఉండాది పదును. ఎల్లుండికి ఇది బూడిదే."

"నాకు తెలీదా నాయనా. కండ్లారా చూస్తాండా." కాసేపు ఊరివైపు చూసింది. "నువ్వు తుపాకీ పట్టుకోని ఈ గెనెం మింద నిలబడుకుంటే నేను ఇత్తుతా. నిలబడుకుంటావా?"

నిలబడతానన్నాను. పొద్దున ఆరుకు గొర్రు కట్టు అక్కా, చివరి సాలు పడేదాకా నేను ఈ గట్టు దిగను అన్నాను. సెక్షనులో నేను జవానును, గట్టు మీద నిలబడాలన్నా హవల్దారు చెప్పాలి. అయినా అన్నాను. నాకెవరూ ఇవ్వని పెద్దరికం అది. ఒంటి మీద యూనిఫారం ఉంటే మనిషికి తన మాట కూడా ఆర్డరులాగే వినిపిస్తుంది. హవల్దారుకు చెబితే ముందు తిట్టాడు. తర్వాత, వాడూ రైతు కొడుకే గనక, ఎలాగూ బడి వెనక కాపలా వేయాల్సిందేగా అని ఒప్పుకున్నాడు.

ఏడో రోజు పొద్దున ఐదూ నలభైకి సెట్టు మోగింది. ఉరవకొండ దారిలో, బతికుండగానే పెట్టిన పెద్దాయన విగ్రహం చెయ్యి ఎవరో విరగ్గొట్టారు. రెండు వర్గాలూ గుంపులు కట్టాయి. డెల్టా త్రీ, అంటే మేము, పావుగంటలో బయల్దేరాలి.

పరుపులు చుట్టాం, డాళ్లు లారీలో వేశాం. గోడ అవతల ఎద్దుల గంటలు వినపడుతున్నాయి. అక్కడికి రెండు వందల అడుగులు. పరుగెత్తితే అర నిమిషం. వెళ్లి "అక్కా, మేము పోతున్నాం, ఆపెయ్" అనడానికి నాకు పావుగంట ఉంది. వెళ్లలేదు. ఆమె మొదలుపెడితే మిగతావాళ్లకూ ధైర్యం వస్తుందిలే, అందరూ కడతారు, ఊరే బాగుపడుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి, నిన్న అన్న మాట నేడు తప్పుతున్నానని ఆమె మొహం మీద చెప్పడానికి సిగ్గేసింది. లారీ బడి మలుపు తిరిగేటప్పుడు చూశాను. తమ్ముడు కాడి సర్దుతున్నాడు. ఆమె విత్తనాల మూట చంకన పెట్టుకుని, లారీ శబ్దానికి మావైపు తిరిగింది. అప్పటికి ఆరుకు ఐదు నిమిషాలు తక్కువ.

ఉరవకొండ దారిలో రెండు రోజులు రాళ్ల మధ్య నిలబడ్డాం. నిద్ర లేదు. నా డాలుకు మూడు చీలికలు వచ్చాయి. నాకు ఆ రాళ్ల భయం లేదు. ఆరు గంటలకు ఆమె ఏం చేసి ఉంటుందా అన్నదే నా భయం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు మమ్మల్ని మళ్లీ అదే బడికి పంపారు. దిగగానే వెనక గోడ దగ్గరికి పోయాను. ఊళ్లో చేలన్నీ బీడుగానే ఉన్నాయి. ఓబుళమ్మ చేలో మాత్రం ఒక ఎకరం మేర సాళ్లు పడి ఉన్నాయి. అక్కడితో ఆగిపోయాయి. ఎద్దులు లేవు, తమ్ముడు లేడు. ఆమె ఒక్కతే సాలు మధ్య గొంతుక్కూర్చుని వేలితో మట్టి పెళ్లగిస్తోంది. ఒక గింజ తీస్తుంది, బొటనవేలితో మట్టి తుడుస్తుంది, ఒడిలో వేసుకుంటుంది. జానెడు ముందుకు జరుగుతుంది. పడిన విత్తనం మళ్లీ ఏరుకుంటోంది.

ఎవరు ఏరమన్నారని అడిగాను. కొట్టారా అని అడిగాను. ఆమె తల ఎత్తలేదు.

"ఎవురూ కొట్టల్యా. ఎవురూ ఒక్క మాట అనల్యా. గుండ్లోళ్లు, రెండు పక్కలోళ్లూ కలిసి వచ్చినారు. గెనెం మింద వరసగా నిలబడుకున్నారు. అంతే. మా తమ్ముడు కాడి ఇప్పి ఎద్దుల్ని తోలుకోని పాయ. వాళ్లు పోలా. ఏం సేస్తే పోతారో తెలీక నేను వొంగి ఏరబట్టినా. అప్పుడు పోయినారు. అప్పటిసంది ఇదే పని."

 లెయ్ అక్కా, ఇప్పుడు నిలబడతాను అన్నాను.

"ఆ పొద్దు నిలబడుకోవాల్సిండె నాయనా."

తిట్టినట్టు అనలేదు. కూలి ఎగ్గొట్టిన వాడి మీద ఉండే కోపం కూడా ఆ గొంతులో లేదు. రైఫిలు వీపుకు తగిలించి ఆమె పక్కన సాలులో కూర్చున్నాను. ఒక గింజ తీశాను. రెండు రోజుల పదునుకు ఉబ్బి, పొర చిట్లి, తెల్లటి మొలక ముక్కు బయటపెట్టింది. దాన్ని మళ్లీ మట్టిలో పెట్టాలా, ఆమె ఒడిలో వెయ్యాలా తెలియక చేతిలో పట్టుకుని ఉండిపోయాను.

"వద్దు, లేచి పో. నువ్వు కూసుంటే మళ్లా వస్తారు," అంది.

లేచి వచ్చేశాను. బడి గోడ దాటేటప్పుడు చూస్తే ఎదురు అరుగు మీద ఇద్దరు గుండ్లవాళ్లు అప్పటికే లేచి నిలబడి ఉన్నారు.

పదకొండో రోజు పెద్దకర్మ ఘనంగా జరిగింది. రెండు వర్గాలూ ఒకే పందిట్లో తిన్నాయి. పన్నెండో రోజు ఊరంతా గొర్రులు కట్టి బూడిదలో విత్తనం పోసింది. మళ్లీ వాన రాలేదు. హవల్దారు రిపోర్టులో సంఘటనలు అన్న గడిలో "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. పద్నాలుగో రోజు పొద్దున ఏడింటికి లారీ ఎక్కి వెనక్కి వెళ్లిపోయాం. ఓబుళమ్మ ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. కూలికి బెంగళూరు పోయిందన్నారు.

రిటైరై వచ్చాక మా నాయన చేను నేనే చేసుకుంటున్నాను. పదును వాన పడితే అందరికంటే ముందు కడతాను, ఆ విషయంలో నన్ను మొండివాడంటారు. గొర్రు వెనక వంగినప్పుడల్లా నాకు నా చెయ్యి కనపడదు. మట్టి పట్టిన ఆమె బొటనవేలు కనపడుతుంది, మొలక విరగకుండా గింజను తుడుస్తూ.