కుడివైపు చక్రం

గ్వెల్ఫ్‌లో నేను అద్దెకున్న ఇంటి అంకుల్ పోయారు. ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను వేర్‌హౌస్‌లో లంచ్ బ్రేక్‌లో ఉన్నాను. "పొద్దున టీ పెట్టి పిలిచానమ్మా, లేవలేదు," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. నేను ఏదో ఒకటి అనాలి. "నువ్వు మాట్లాడవని తెలుసులే. తిన్నావా?" అని అడిగి పెట్టేశారు.

ఇక్కడి తెలుగువాళ్లు మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. ఉగాది కార్యక్రమాల్లో హాలు వెనక, కోట్లు తగిలించే చోట నిలబడి, కొత్తగా వచ్చిన విద్యార్థులను ఏ ఊరు, ఏ కోర్సు అని అడిగే పెద్దాయన. పేరు రాయడం లేదు. వాళ్ల బేస్‌మెంట్‌లో ఉండి వెళ్లిన అమ్మాయిలందరికీ ఆయన ఉత్త అంకులే.

నేను కెనడాలో దిగిన చలికాలం ఆ బేస్‌మెంట్‌లో మేం నలుగురం. మిగతా ముగ్గురూ పార్ట్‌టైమ్ ఉద్యోగాల కోసం ఊరంతా తిరిగేవాళ్లు. నేనూ తిరిగేదాన్ని కానీ కౌంటర్ దగ్గర నోరు పెగలక వెనక్కి వచ్చేదాన్ని. ఒకరోజు మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంటే అంకుల్ ఇల్లు వెచ్చబరిచే ఫర్నెస్ చూడటానికి దిగారు. ఏం చదువుకున్నావని అడిగారు. ఇంగ్లీషు సాహిత్యం అని, ఇక్కడ చేరింది మాత్రం సప్లై చెయిన్‌లో అని చెప్పాను. పైకి చదవడం వచ్చా అన్నారు. వచ్చు. కాన్వెంటులో సిస్టర్లు రోజుకొకరిని నిలబెట్టి చదివించేవారు. భయం లేకుండా నేను చేయగలిగింది అదొక్కటే.

ఆయనకు చూపు నడిమి నుంచి పోతోంది. "మనిషి ఎదురుగా ఉంటే చెవులు కనిపిస్తాయమ్మా, ముఖం కనిపించదు," అనేవారు. ఇక బాగుపడదని, పోయేది నెమ్మదిగా పోతుందని డాక్టర్ చెప్పేశారట.

అలా శనివారాలు వాళ్ల వంటింట్లో నేను చదవడం మొదలైంది. ఆయన ఫ్యాక్టరీలో యంత్రాలు డిజైన్ చేసి రిటైరయ్యారు. చదవమని ఇచ్చినవన్నీ ఫిరంగుల గురించిన లావుపాటి పుస్తకాలు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అది కనిపెట్టి, ఆయన ఆంటీ అప్పడాల కర్రను ఫిరంగి గొట్టంలా బల్ల మీద పెట్టి చెప్పేవారు. "నా కర్రతో యుద్ధాలు చేయకండి, చపాతీలు చేసుకోవాలి," అని ఆంటీ గోరుచిక్కుళ్లు తుంచుతూ విసుక్కునేవారు.

ఊరి చివర ఒక చిన్న మ్యూజియం ఉంది. వెనక షెడ్డులో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి ఉంది. యుద్ధం నుంచి తిరిగి వస్తూ ఇక్కడి సైనికులు జర్మన్ల దగ్గర పట్టుకుని తెచ్చినది. కానీ దాన్ని చేసింది జర్మన్లు కాదు, రష్యావాళ్లు. దూరాన ఉన్న గుట్ట మీదికో వంతెన మీదికో గుండు వేయడానికి చేశారు. అంత దూరానికి తొందరేమీ ఉండదు. కాబట్టి ఎడమవైపు కూర్చున్నవాడు ఒక చక్రం తిప్పితే గొట్టం పక్కలకు జరుగుతుంది. కుడివైపు కూర్చున్నవాడు ఇంకో చక్రం తిప్పితే పైకీ కిందికీ జరుగుతుంది. జర్మన్లు ఇలాంటి వాటిని కుప్పలుగా పట్టుకుని, ట్యాంకులను కొట్టడానికి పనికొచ్చేలా మార్చుకున్నారు. ట్యాంకు ఒకచోట ఆగదు. ఇద్దరు మాట్లాడుకుని గురిపెట్టేలోగా దాటిపోతుంది. అందుకని కుడి చక్రాన్ని కూడా ఎడమకు తెచ్చారు, ఒక్కడే రెండు చేతులతో రెండూ తిప్పుకునేలా. పెద్ద తూటా పట్టడానికి గొట్టం వెనకభాగాన్ని తొలిచారు. పొదల వెనక దాగేలా ముందున్న ఇనుపరేకును కోసి పొట్టి చేశారు.

"నీ చక్రం కూడా మార్చేశారన్నమాట," అన్నారు ఒకరోజు నా కోర్సు గురించి. ముగ్గురం నవ్వాం.

ఆయన కోరిక ఒక్కటే. చూపు పూర్తిగా పోకముందు ఆ ఫిరంగిని, దాన్ని చేసినవాళ్లు చేసినట్టుగా, ఒక్కసారి చూడాలి. నూనె పట్టించడానికి, రంగు వేయడానికి అని మ్యూజియంవాళ్లు షెడ్డు తాళంచెవి ఇచ్చారు. ఆయన లోపల ఏం చేస్తున్నారో వాళ్లెవరూ వచ్చి చూడలేదు. ఆయన ఏళ్ల తరబడి, స్నేహితుడి లేత్ మీద పళ్లచక్రాలు కోసుకుంటూ, కుడివైపు అమరికను మళ్లీ తయారుచేశారు. పట్టేసిన బోల్టు దగ్గర ఎవరైనా తొందరపడితే, "ముందు నూనె, తర్వాత బలం," అనేవారు. రేకు బదులు అట్టముక్కలు కోసి పెట్టారు. గొట్టం లోపల తొలిచిన దాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయారు. "తొలిచిన ఇనుము మళ్లీ నిండదమ్మా. అది నాకూ తెలుసు," అన్నారు.

అమరిక పూర్తయిన రోజు ఆంటీ మమ్మల్ని షెడ్డు దగ్గర దింపారు. ఆయన ఎడమవైపు కూర్చుని నన్ను కుడివైపు కూర్చోమన్నారు. గొట్టానికి అటూ ఇటూ కావడంతో ఒకరికొకరం కనిపించలేదు. తెరిచిన తలుపులోంచి దూరాన ఒక చర్చి శిఖరం కనిపిస్తోంది. ఆయనకు అది కనిపించదు. నేను చూసి చెప్పాలి, ఆయన తిప్పాలి. ఎడమకు, ఇంకొంచెం, చాలు అన్నాను. "ఇప్పుడు నువ్వు," అన్నారు. చక్రం చల్లగా ఉంది, కానీ తేలిగ్గా తిరిగింది. గొట్టం మెల్లగా లేచింది. నా గొంతు అంత పెద్దగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆయన దిగి వచ్చి ఫిరంగి చుట్టూ నడిచారు. కంటికొసతో చూడటానికి తల పక్కకు తిప్పుకుని, చాలాసేపు.

తర్వాత ఆయనే గర్వంగా మ్యూజియం కమిటీని పిలిచారు. కమిటీలోని ఒక పెద్దావిడ అందరికంటే ముందుగా వచ్చింది. ఫిరంగి చుట్టూ తిరిగి, కుడి చక్రం మీద చెయ్యి వేసి, కోపం లేకుండానే ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ల బాబాయి ఆ యుద్ధంలో ట్యాంకు సైనికుడు. జర్మన్లు మార్చిన ఇలాంటి ఫిరంగే ఆయన ట్యాంకును కొట్టింది. "చిన్నప్పటి నుంచి దీన్ని చూడటానికే వచ్చేదాన్ని. ఇప్పుడు ఇది ఆయన్ని చంపనట్టు ఉంది," అంది.

మళ్లీ జర్మన్లు మార్చినట్టే చేయమని కమిటీ మర్యాదగా అడిగింది.

తిరిగి వస్తూ కారులో ఆంటీ హీటర్ పెంచారు. అప్పుడు అంకుల్ అన్నారు. "ఆవిడ అన్నది నిజమేనే. నేను దాని పుట్టుక ఒక్కటే చూశాను. అది చేసిన పని చూడలేదు."

విప్పే పని ఎవరికైనా అప్పగించవచ్చు అన్నాం. ఒప్పుకోలేదు. తనే విప్పారు. అప్పటికి కళ్లతో పనిలేదు, వేళ్లతో వెతుక్కుని విప్పేవారు. నేను ఏ బోల్టు ఎక్కడో చెబుతూ పక్కన కూర్చున్నాను. చక్రం మళ్లీ ఎడమవైపుకు వెళ్లింది. తను చేసిన అమరికను ఇంటికి తెచ్చి గరాజ్‌లో మంచు పారల పక్కన పెట్టారు. ఆ తర్వాత ఫిరంగుల పుస్తకాలు చదవమని అడగలేదు. వార్తలు చాలన్నారు. నేను చదువుతుంటే మధ్యలోనే నిద్రపోయేవారు.

కోర్సు అయ్యాక నాకు కెనడాలోనే ఉన్న లండన్‌లో వేర్‌హౌస్ ఉద్యోగం దొరికింది. ఇక్కడే స్థిరపడటానికి కావలసిన పీఆర్ స్కోరు అందలేదు. వర్క్ పర్మిట్ చివరికొచ్చింది. పోయిన నెల ఫోన్‌లో ఆయనతో అదే చెప్పాను. కంగారుపడకు, అంతా సర్దుకుంటుంది అని అందరూ అనే మాట ఆయన అనలేదు. "వెళ్లేముందు ఒకసారి రా. పైకి చదివి పెట్టు," అన్నారు. ఏం చదవమంటారని అడిగితే, నీకు నచ్చింది అన్నారు. వస్తానన్నాను. వెళ్లింది అంత్యక్రియలకు.

మర్నాడు షెడ్డు తాళంచెవి తిరిగి ఇచ్చిరావాలని ఆంటీ నన్ను తోడు రమ్మన్నారు. ఇచ్చేముందు ఒకసారి తలుపు తీశారు. ఫిరంగి మ్యూజియంవాళ్లు కోరినట్టే ఉంది. రెండు చక్రాలూ ఎడమవైపు. అట్టముక్కలు లేవు. ఆంటీ తలుపు దగ్గరే ఆగిపోయారు. నేను కుడివైపుకు వెళ్లాను.

అక్కడ ఆయన అమరిక బిగించిన బోల్టు రంధ్రాలు అలాగే ఉన్నాయి. తుప్పు పట్టకుండా వాటిలో గ్రీజు కూరారు. చలికి గట్టిపడి ఉంది. ఒక్కో రంధ్రం మీద ఆయన నొక్కిన బొటనవేలి ముద్ర, గీతలతో సహా.

"ఏముందమ్మా అక్కడ?" అన్నారు ఆంటీ.

ఏమీ లేదన్నాను. చెయ్యి దగ్గరదాకా పెట్టి, తాకకుండా తీసేశాను.