సాగర్ ఒడ్డున మూడు కుప్పల చేపలు

నాకు జీవావరణ శాస్త్రం బడిలో ఎవరూ నేర్పలేదు. పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తూ, నల్గొండలో పాత పుస్తకాల బండి మీద కొన్న ఇంటర్ పుస్తకంతో నేనే నేర్చుకున్నాను. జనాభా, జీవ సముదాయం, ఆవరణ వ్యవస్థ, అన్నీ బట్టీ పట్టాను. కానీ ఆ పుస్తకం నిండా సింహాలు, జింకలు, ఎక్కడివో గడ్డి మైదానాలు. రెండు గంటల బస్సు దూరంలో కృష్ణా నదిని పెట్టుకుని మాకు ఆ బొమ్మలెందుకని ఒళ్లు మండింది. పోయిన ఆదివారం సాగర్ డ్యామ్ ఉన్న నందికొండకు బయలుదేరాను.

ఆరింటికి నల్గొండ బస్టాండులో హాలియా మీదుగా పోయే బస్సు ఎక్కితే ఎనిమిదింటికల్లా సాగర్‌లో దిగొచ్చు. టికెట్ వందకు అటూ ఇటూ. చేపల రేవుకు ఆటో యాభై. "డ్యామ్ చూడవా అన్న?" అన్నాడు డ్రైవర్. "నీళ్లల్ల ఎవరుంటరో చూడనీకి వచ్చిన" అన్నాను. "మొసళ్లుంటయ్, పోయి చూడు" అని నవ్వుతూ దింపిపోయాడు.

రేవులో మా షెడ్డు దోస్తు వాళ్లన్న సైదులు, అతని భార్య లచ్చమ్మ నా కోసం ఆగి ఉన్నారు. వాళ్ల గుండ్రటి పుట్టి పడవలో కొత్త వల. సైదులు బామ్మర్ది ఇచ్చాడట. వేలు కూడా దూరనంత సన్న కన్ను.

"రెండు నెలల సంది ఉత్త చేతులే తమ్మీ. గీ వలకు పడితే రేపటి సంది ఇదే. పడకుంటే పట్నంల వాచ్‌మెన్ పనికి పోవుడే" అన్నాడు సైదులు. లచ్చమ్మ ఆ వల కన్నును వేలితో తడిమి చూసింది.

సైదులు పుట్టిలో పోయి వలను అర్ధచంద్రంలా వేసి వచ్చాడు. ముగ్గురం రెండు కొసలూ పట్టి ఒడ్డుకు లాగాం. వల నిండా తళతళ. నాకు పుస్తకం గుర్తొచ్చి ఎగిరాను. "జనాభా మస్తుగుంది కదన్నా!"

"ఎవరి జనాభా తమ్మీ?" అంది లచ్చమ్మ. "లెక్కలు రాసెటోళ్లు మా ఇంటికొస్తే మమ్ముల, మా మేకల, కోళ్లను కలిపి రాస్తరా?"

గబగబా చేపల్ని మూడు కుప్పలు చేసింది. చవక రకం జిలేబి చేపలు అరచేయంతవి, బుట్టెడు. మీసాల జెల్లలు నాలుగు. పెద్దయితే మంచి ధర పలికే బొచ్చెలు ముప్పై నలభై, ఒక్కటీ వేలు దాటలేదు. నా బట్టీ అంతా ఆ తడి ఇసుక మీద కళ్లకు కట్టింది. ఒక్కో కుప్ప ఒక్కో జనాభా. మూడూ, వాటితో పాటు నాచూ కలిస్తే సముదాయం. వాటికి ఆ నీళ్లు, బురద, ఎండ కూడా కలిపితే ఆవరణ వ్యవస్థ.

"గివన్ని పసి పిల్లలు. ఇప్పుడే ఏరుకపోతే వచ్చే ఏడు గుడ్లు ఎవలు పెడ్తరు?" అంటూ బొచ్చెల్ని దోసిళ్లతో నీళ్లలోకి వదిలేసింది.

"మరి రేపు తినుడెట్ల?" సైదులు గొంతు పెరిగింది.

"జిలేబి ఉంది గదా, బుట్టెడు!"

"జిలేబి ఎవడు కొంటడే?"

"కూర జేసి అమ్ముత. ఎవడు కొనడో నేనూ జూస్త."

సైదులు వలకు చిక్కిన నాచు దులిపాడు. తర్వాత సన్న వలను మడిచి, "మీ తమ్మునికి నువ్వే ఇచ్చి రా. వాని తిట్లు నేను పడను" అన్నాడు.

మధ్యాహ్నం రేవు పక్కన రాళ్ల పొయ్యి వెలిగింది. చింతపులుసు, పచ్చిమిర్చితో జిలేబి కూర, అన్నం, ప్లేటు ఎనభై. తొలి బేరం నాదే, లచ్చమ్మ నాకూ పైసా తగ్గించలేదు. డ్యామ్ చూడవచ్చినవాళ్లు తినిపోతే మూడింటికల్లా గిన్నె ఖాళీ. రేపటి వంటకని సైదులే కడిగాడు.

సన్న కన్ను వలలు అమ్మేవాళ్ల మీద నాకు కోపం తగ్గలేదు. వాళ్లకంటే ఎక్కువ నా మీద. సంతలో వేలంత చేపలు చవకగా దొరికాయని సంచి నింపుకున్నవాణ్ని నేనే. ఏ జనాభా నిండుగా ఉందో, ఏది కరిగిపోతోందో చూసి పట్టేవాళ్లు ఇంకా ఈ ఒడ్డున ఉన్నారు. వాళ్లకు కావాల్సింది మన జాలి కాదు, బేరం. మీరు వెళితే ఒంటిగంట లోపు రేవుకు చేరండి, బొచ్చె కావాలని పట్టుబట్టకండి. లచ్చమ్మ వదిన ఏది వండితే అదే తినండి.