మా గల్లీ నెట్టు, నా తాళం

బతుకుదెరువుకు వలసొచ్చిన నవాగామ్‌లో మా గల్లీ గదులు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. లోపలికి ఫోన్ సిగ్నల్ సరిగా రాదు. అందుకే పన్నెండు ఇళ్లవాళ్లం కలిసి ఒకే ఇంటర్నెట్ లైను పెట్టించుకున్నాం. దాని వైఫై పెట్టె నా గదిలో ఉండేది. ఏడాది తిరక్కుండానే మూలపడుతుందని పక్క గల్లీవాళ్లు నవ్వారు. నాలుగేళ్లు నడిపాను. నిజానికి నడిపాం అనాలి. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

మగ్గాల కార్ఖానాలో సేటుకు నా పేరు కూడా తెలియదు. గల్లీలో మాత్రం నెట్టు ఆగితే అందరూ నా గుమ్మం ముందుకే వచ్చేవారు. తలుపేసుకుని అరగంట లోపల కూర్చుని, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చేవాణ్ని. ఎదురింట్లో చీరలకు రాళ్లు అంటించే ఆమె, నన్ను అన్నా అని పిలిచే మనిషి, ఒకసారి అడిగింది.

"జర మాకు గూడ నేర్పరాదన్నా. నువ్వు డ్యూటీకి పోతే ఎట్ల?"

"కరెంటుతోని పని చెల్లె. మీకెందుకు?"

పోయిన ఎండాకాలం మేనకోడలి పెళ్లికి ఊరెళ్లాను. ఊరెళ్లేవాళ్లు తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోవడం మా గల్లీ అలవాటు. నేను జేబులో వేసుకుపోయాను. మూడో రోజు ఆమె ఫోన్ చేసింది.

"నెట్టు బందైందన్నా. రేపు మా బిడ్డతోని కంపెనోళ్లు వీడియోల మాట్లాడుతరట, నౌకరీకి. తాళం పలగ్గొట్టమంటవా?"

"పలగ్గొట్టి ఏం జేస్తరు? మీకు సమజ్ కాదు. నేనొచ్చినంక సూస్త."

లోపలికి వెళితే ఆ పని ఎంత చిన్నదో వాళ్లకు తెలిసిపోతుందని నా భయం.

మర్నాడు ఆ పిల్ల ఫోన్ సిగ్నల్ కోసం మెట్ల మీద నిలబడి మాట్లాడిందట. రెండుసార్లు మధ్యలో తెగిపోయిందట. కంపెనీవాళ్లు మళ్లీ పిలవలేదు.

తిరిగొచ్చాక కూడా తలుపేసుకుని అరగంట కూర్చున్నాను. బయటికొస్తే ఆ తల్లి చాయ్ పట్టుకుని నిలబడింది. "నువ్వు లేకుంటే మా గతేందన్నా" అంది. ఆ చాయ్ తాగాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

వారం రోజులు ఆ సిగ్గు మోసి, పెట్టెను అందరికీ అందేలా మెట్ల కిందికి మార్చాను. నేర్చుకునేవాళ్లు రమ్మన్నాను. మొదట ఆ పిల్లే వచ్చింది. స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వెయ్యమన్నాను. లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. ఇంకేమైనా చెబుతానేమోనని నా మొహంలోకి చూసింది.

"గింతేనా మామా?"

తల ఊపాను.

"ఆ దినం ఫోన్ల చెప్తే నేనే జేసుకుందును గద" అంది.