కోటయ్యకు మొక్కని జుట్టు

“ఏమేవ్, ఆ నురగేందే? తలకేం పూశావు?”

“షాంపూ.”

“యాడిది?”

“వెంట్రుకలు కొనే ఆమె ఇచ్చింది. కళ్ళల్లో పడతంది నాయనమ్మా, కాసిని నీళ్ళు పొయ్యి.”

“నీళ్ళ సంగతి తర్వాత. ఆమెకి నువ్వేం ఇచ్చావు?”

“చూరులో ముద్దలు.”

“అన్నీనా?”

“అన్నీ. ఏం, అయ్యి నా తల్లో ఊడినయ్యేగా? నీ తల్లో యాడున్నయ్ అన్ని?”

“స్టీలు బిందె కోసం దాస్తన్నానే నేను! నువ్వు నురగ చేసి దొడ్లో పారబోస్తన్నావా?”

“నీకు బిందె గొప్పా, నా తల గొప్పా? పిప్పితో రుద్ది, బట్టల సబ్బుతో రుద్ది, నా జుట్టుని కొబ్బరి పీచు చేశావు. ఇట్టా దువ్వితే అట్టా ఊడొస్తంది. మా అమ్మ ఉంటే...”

“ఆ, ఉంటే? చెప్పవే, మీ అమ్మ ఉంటే?”

“మా అమ్మ ఉంటే నీ చేతికి నా తల ఇచ్చేదే కాదు. నువ్వు సచ్చేటప్పుడు ఆ బిందె నెత్తినెట్టుకుని పో!”

ఆ మాటకు నా చెయ్యి లేచింది.

లేచిన ఆ చెయ్యి ఏం చేసిందో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. పొట్టలో తిరగలి రాయి పెట్టుకుని తిరిగినట్టు తిరిగాను. అన్నం తిన్నాను, పత్తి చేలకు పోయాను, పెళ్ళిళ్ళలో అక్షింతలు వేశాను. రాయి మాత్రం కదల్లేదు. ఇది చదివే నువ్వెవరివో నాకు తెలియదమ్మా. తెలియకపోవడమే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఇప్పటికీ నా నోరు అబద్ధమే చెబుతుంది. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

ఆ పిల్ల నా మనవరాలు కోటేశ్వరి. ఇంట్లో అందరికీ కోటి. మాది మాచవరం దగ్గర ఊరు. నా కొడుకు సాంబయ్యకు ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే నేనే పెంచాను. తల్లి పోలిక ముఖంలో రాలేదు గానీ జుట్టులో వచ్చింది. జడ వేస్తే మోకాళ్ళు దాటేది. పదో తరగతికి వచ్చేసరికి ఆ జడ బరువుకు మెడ కొంచెం వెనక్కి వాల్చి నడిచేది. ఊళ్ళో ఆడవాళ్ళు చూసి, తల్లి ఎక్కడికీ పోలేదు, కూతురి వీపు మీదే ఉంది అనేవాళ్ళు. అది విన్న రోజు కోటి అద్దం ముందు చాలాసేపు కూర్చునేది.

నేను పొదుపు మనిషిని. పొదుపు అని నేను అనుకునేదాన్ని. కుంకుడుకాయలు కొట్టి, ఉడకబెట్టి, రసం తీసి తల రుద్దేదాన్ని. మిగిలిన పిప్పిని అందరూ పారేస్తారు. నేను చాటలో ఎండబెట్టి, మరుసటి వారం మళ్ళీ అదే ఉడకబెట్టేదాన్ని. మాది ఉప్పు బోరు. ఆ నీళ్ళకు కొత్త కుంకుళ్ళే సరిగా నురగ ఇవ్వవు, పిప్పి ఏం నురగ ఇస్తుంది? అందుకని బట్టల సబ్బు అరగదీసి అందులో కలిపేదాన్ని. తల మంట పుడుతోందని పిల్ల అరిస్తే, మంట పుడితేనే మురికి పోతుందని చెప్పేదాన్ని.

జుట్టు ఊడటం మొదలైంది. దువ్విన ప్రతిసారీ వచ్చిన వెంట్రుకల్ని కోటి వేలికి చుట్టి ముద్ద చేసి చూరులో దోపేది. అది మా ఇళ్ళలో ఉన్న అలవాటే. గంప ఎత్తుకుని ఒకామె వచ్చేది. ముద్దలు తూచుకుని పిన్నీసులో, రిబ్బన్లో ఇచ్చేది. ఎక్కువ ఉంటే స్టీలు గిన్నె. ఇంకా ఎక్కువ ఉంటే బిందె. నా కన్ను ఆ బిందె మీద పడింది. చూరులో ముద్దలు పెరుగుతుంటే సంతోషపడ్డాను. అవి ఎందుకు పెరుగుతున్నాయో ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదా? ఆలోచించే ఊరుకున్నానా? పిల్ల తల పలచబడుతుంటే నా చూరు నిండుతోంది. ఆ సంగతి నా కళ్ళకు కనిపించలేదని ఈ వయసులో ఎవర్ని నమ్మించను?

ఆ రోజుల్లోనే షాంపూ ప్యాకెట్లు మా ఊరి కొట్లలోకి వచ్చాయి, దండల్లాగా వేలాడుతూ. గంప ఆమె కూడా పిన్నీసులతో పాటు అవి తెచ్చేది. నేను చేలో ఉన్న పూట కోటి ఆమెను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టిందట. ఏది కొనాలో చాలాసేపు తేల్చుకోలేదట. ఆకుపచ్చది చుండ్రుకట, ఎర్రది వాసనకట, గుడ్డు బొమ్మ వేసింది జుట్టు ఒత్తుగా రావడానికట. ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకుని, వెలుతురుకు పట్టి చూసి, చివరికి గుడ్డు బొమ్మవే తీసుకుందట. వాసన బాగున్నది కాదు, జుట్టు నిలబెట్టేది. ఇవన్నీ నాకు పక్కింటి మస్తాన్‌బీ తర్వాత చెప్పింది. ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. పిల్ల సోకుల కోసం కొనలేదని నాకు తెలియాలని చెప్పింది.

ఇక నా చెయ్యి సంగతి.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎక్కడ పడిందో చూడలేదు. పిల్ల స్నానాల బండ మీద నుంచి జారి మోకాళ్ళ మీద పడింది. నేను జుట్టు పట్టుకున్నాను. చెవి వెనక, మెడ మొదట్లో, పిడికిలికి ఒక చుట్టు చుట్టి పట్టుకుంటే మనిషి మెడ తిప్పలేదు, చేతులు ఎత్తలేదు. ఆ పట్టు నాకెలా తెలుసు? మా అత్త నన్ను అలాగే పట్టుకునేది. వంటింట్లో, వాకిట్లో, జనం చూస్తుండగా. ఆ నొప్పి ఎలా ఉంటుందో నా మెడకు తెలుసు. తెలిసే పట్టుకున్నాను. తెలియక చేసిన వాళ్ళకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు అది కూడా లేదు.

దొడ్లో నుంచి పంచ దాకా ఈడ్చుకొచ్చాను. కళ్ళలో నురగ పడి పిల్లకు ఏమీ కనపడటం లేదు. “నీళ్ళు, నాయనమ్మా, నీళ్ళు” అంటోంది. గడ్డి కోసే కొడవలి చూరులోనే గుచ్చి ఉంది. ముద్దలు ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపించింది. పక్కనే కొడవలి కనిపించింది. తీశాను.

తడి జుట్టు ఒక్క వేటుకు తెగదు. నురగకు జారిపోతుంది. పిడికెడు పట్టుకుని కోశాను, మళ్ళీ పట్టుకుని కోశాను, గడ్డి కోసినట్టు కాదు, తాడు కోసినట్టు, ముందుకూ వెనక్కూ లాగుతూ. ఒకసారి కొడవలి జారి చెవి పైన తలలోకి దిగింది. పిల్ల చేతులు అడ్డం పెట్టింది. వేళ్ళు తెగాయి. తెల్లని నురగ ఎర్రబడింది. అప్పుడైనా ఆగానా? లేదు. సగం తెగిన జుట్టు వదిలేస్తే ఎందుకూ పనికిరాదని అనిపించింది. అదే అనిపించింది, ఆ నెత్తుటి మధ్యలో. జుట్టు మొత్తం చేతిలోకి వచ్చేదాకా కోశాను.

అరుపులకు మస్తాన్‌బీ పరుగెత్తుకొచ్చింది. “వదులు వదినా, పిల్ల సచ్చిపోద్ది!” అని నా భుజం పట్టుకుంది. కొడవలి ఆమె వైపు తిప్పాను. ఆమె వెనక్కి తగ్గింది. పిల్లను ఇంట్లోకి లాగి తలుపు వేసి గడియ పెట్టాను. తిరిగి చూసేసరికి కోటి అరవడం ఆపేసింది. నేల మీద కూర్చుని, తెగిన వేళ్ళతో తల తడుముకుంటోంది. జడ ఉండాల్సిన చోట గాలిలో చెయ్యి ఆడించి చూసుకుంటోంది.

అప్పుడు భయం వేసింది. పిల్లను చూసి కాదు. కొడుకు గుర్తొచ్చి. సాంబయ్య అప్పుడు నరసరావుపేటలో ఆస్పత్రిలో ఉన్నాడు, కడుపు ఆపరేషన్ అయి. కూతుర్ని చూడాలని కబురు మీద కబురు పంపుతున్నాడు. ఈ తల చూస్తే ఏమంటాడు? తలకు పసుపు అద్ది గుడ్డ చుడుతుంటే నాకు కోటయ్య స్వామి ఉన్న కోటప్పకొండ గుర్తొచ్చింది. కొండకు మొక్కి గుండు చేయించుకున్న పిల్లను ఎవరూ ఏమీ అడగరు. దండం కూడా పెడతారు.

మీ నాన్న బతకాలని నువ్వే మొక్కుకున్నావని చెప్పు, అన్నాను కోటితో. నిజం చెబితే వాడు ఉలిక్కిపడి కుట్లు తెగి చస్తాడు, ఆ పాపం నీదే, అన్నాను. తల్లి లేని పిల్లతో, తండ్రి చస్తాడని. కొడవలి కంటే అది లోతుగా దిగిందని నాకిప్పుడు తెలుసు. పిల్ల నమ్మింది. తలూపింది.

గుండుతో ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు సాంబయ్య ఆ తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నా కోసం ఇచ్చావా తల్లీ, మీ అమ్మ జుట్టు నా కోసం ఇచ్చావా, అని. కోటి నా వైపు చూడలేదు. అవునని చెప్పింది. వాడు కోలుకుని ఇంటికొచ్చాడు. తన ప్రాణం కూతురి జుట్టు వల్ల నిలబడిందని కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాడు. నా అబద్ధం వాడికి దేవుడైంది.

కోటి మళ్ళీ బడికి పోలేదు. గుండు మీద పిల్లలు వేసే మాటలకో, ఇంకెందుకో. పరీక్ష రాయలేదు. నేను పొమ్మని కూడా అనలేదు. పుస్తకాల ఖర్చు తప్పిందని లోపల ఎక్కడో అనుకున్నాను. ఆ గాయమైన చోట వెంట్రుక మళ్ళీ మొలవలేదు. మిగిలిన జుట్టు భుజాలు దాటలేదు. పాపిట పక్కకు తీసి ఆ చోటు కప్పుకుంటుంది.

మరి ఆ కోసిన జుట్టు? కోటయ్యకు ఇచ్చామని ఊరంతా అనుకుంటున్న జుట్టు? దాన్ని కడిగి, నెత్తురు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, వడ్లబస్తా వెనక దాచాను. గంప ఆమె మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చాను. దేవుడికి దక్కింది కొడవలి వదిలేసిన మోడు. నాకు దక్కింది బిందె. అది ఇప్పటికీ మా మంచినీళ్ళ బిందె. సాంబయ్య పొలం నుంచి వచ్చి అందులో నీళ్ళే ముంచుకుని తాగుతాడు. కోటి పుట్టింటికి వచ్చినప్పుడు మాత్రం మస్తాన్‌బీ ఇంటికెళ్ళి తాగొస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. నేనసలు అడగను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, కోటికి గురజాల పక్క సంబంధం చేశాం, ఆడపిల్ల పుట్టింది. మొన్న సాంబయ్య అన్నాడు, చంటిదాని పుట్టువెంట్రుకలు కోటప్పకొండ మీదే తీయిద్దామని. అక్కడితో ఆగలేదు. కోటి మొక్కు దగ్గరుండి తీర్పించింది నువ్వే కదమ్మా, మొదటి కత్తెర నువ్వే వెయ్యాలి, అన్నాడు. కోటి చంటిదాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నా ముఖం చూడలేదు, నా చేతులు చూసింది. నాయనమ్మకు కళ్ళు సరిగ్గా ఆనటం లేదు నాన్నా, ఆమె వద్దులే, అంది. నెమ్మదిగానే అంది. నన్ను కాపాడిందా, బిడ్డను కాపాడుకుందా? బిడ్డనే. ఆ సంగతి రాసుకోవడానికి కూడా నాకు రెండు రోజులు పట్టింది.

సాంబయ్యకు చెప్పగలనా? చెబితే వాడి దేవుణ్ణి లాక్కున్నట్టే. చెప్పకపోతే నా తప్పును కోటి చేతే మోయించినట్టే. ఏది చెయ్యాలో తెలియదు. నాకు క్షమాపణ అక్కర్లేదు, అది ఇవ్వాల్సిన మనిషి నువ్వు కాదు. ఆమెను అడిగే ముఖం నాకు లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి, అంతే. ఇంత రాశాక రాయి పోలేదు గానీ, ఊపిరి దాని పక్క నుంచి ఆడుతోంది.

ఇంకొక్కటి మిగిలింది. జుట్టు కోసిన మర్నాడు ఉదయం.

మొదటి బస్సుకే బయలుదేరాం. కోటి తలకు తువ్వాలు చుట్టాను. నరసరావుపేటలో దిగి కొండ బస్సు ఎక్కాం. బస్సులో జనం “చేదుకో కోటయ్యా” అని అరుస్తుంటే అందరికంటే గట్టిగా నేనే అరిచాను. కొండ మీద గుండ్లు చేసే ఆయన తువ్వాలు విప్పి చూసి ఆగాడు. ఇదేందవ్వా ఈ గాయం అన్నాడు. దూలానికి గుద్దుకుందన్నాను. ఆయన కోటి ముఖం చూశాడు. కోటి నేల చూసింది. ఆయన చెంబుతో తల మీద నీళ్ళు పోసి, మెత్తబడాలని చేత్తో రుద్దాడు.

తల నురగ లేచింది. ముందురోజు నేను కడగనివ్వలేదు కదా, షాంపూ ఎండిపోయి మోడులోనే ఉండిపోయింది. పసుపు కలిసి పచ్చటి నురగ, నుదుటి మీదుగా కళ్ళలోకి కారింది. ఆయన కత్తి పక్కన పెట్టి, ఈ నురగ పోతేగానీ కుదరదు, నువ్వే కాసిని నీళ్ళు పొయ్యి అవ్వా, అన్నాడు.

చెంబు తీసుకున్నాను. కోటి కళ్ళు మూసుకుంది. నురగ పోయేదాకా పోశాను. తర్వాత ఆయన కత్తి పెట్టాడు.