ఐస్ పెట్టెలో రెండు గొట్టాలు

సిద్దిపేటలోని ఒక పిల్లల దవాఖానలో నేను ల్యాబ్ ఇన్‌చార్జిగా ఉద్యోగ విరమణ చేశాను. ఇది అంతకు రెండేళ్ల ముందు, ఎండాకాలంలో జరిగింది. అరుదైన పరీక్షలకు రక్తం హైదరాబాద్ పంపేవాళ్లం. ఏ గొట్టమైనా ఐస్ లేకుండా గడప దాటకూడదని నా ఆజ్ఞ. దాని మీద ఎవరితోనైనా తగువుకు దిగేదాన్ని.

చంద్లాపూర్ నుంచి కవిత అనే ఆమె తొమ్మిదేళ్ల కూతురు అక్షయను తీసుకొచ్చింది. పిల్లకు అమ్మవారు పోసి ఊపిరితిత్తుల దాకా పోయింది. అది తగ్గాక నోటి పుండ్లు తిరగబెడుతూనే ఉన్నాయి. యాంటీబాడీల పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. మా పిల్లల డాక్టరు గారికి ఎన్‌కే కణాల మీద అనుమానం కలిగింది.

ఎన్‌కే అంటే సహజ హంతక కణాలు, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. వీటి పైపొర మీద గ్రాహకాలుంటాయి, అవతలి కణాన్ని తడిమి చూసేవి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం తన గుర్తింపును పైన పెట్టుకుని తిరుగుతుంది. ఆ గుర్తింపు తగిలితే ఒక రకం గ్రాహకాలు హంతక కణాన్ని ఆపుతాయి. వైరస్ సోకిన కణంలో ఆ గుర్తింపు తగ్గిపోవచ్చు, ఆపద గుర్తులు పైకి రావచ్చు. అప్పుడు రెండో రకం గ్రాహకాలు ఉసిగొల్పుతాయి, సోకిన కణం చస్తుంది. బస్సు పాసు చూసి వదిలే కండక్టరు, పాసు లేనివాణ్ని దింపేసినట్టు. అమ్మవారు, నోటి పుండ్ల జాతి వైరస్‌లను అదుపులో పెట్టడంలో వీటిది పెద్ద పాత్ర.

ఆకుపచ్చ మూత గొట్టంలో రక్తం తీసి, యథాప్రకారం ఐస్‌లో పెట్టి పంపాను. చంపే శక్తి చాలా తక్కువని రిపోర్టు వచ్చింది. ఎముక మజ్జ మార్పిడి దాకా పోవాల్సి రావచ్చని డాక్టరు గారు తల్లికి చెప్పారు. కానీ నిర్ణయించే ముందు మరోసారి పంపమన్నారు, ఈసారి పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం తోడుగా పెట్టమన్నారు. మొదటిసారే పెట్టాల్సింది. ఒక సూది చాలులే అనుకున్నది నేనే. నాకు జలుబు చేసి ఏళ్లయింది కాబట్టి నా చేతినే చాచాను. ఎండ ముదిరిందని ఐస్ ఇంకాస్త ఎక్కువే పోశాను.

రిపోర్టులో ఇద్దరికీ శక్తి తక్కువని ఉంది. కాగితం ప్రకారం నేనూ రోగినే.

డాక్టరు గారు నన్ను ఎగాదిగా చూశారు. హైదరాబాద్ ల్యాబ్‌కు ఫోన్ చేస్తే అక్కడి టెక్నీషియన్, "ఐస్ పెట్టిన్రా మేడం? ఫారం ఎనక రాసి ఉంటది గదా, చల్లగ ఉంటే గీ కణాలు పని చెయ్యయని" అన్నాడు. ముందు అతని మీదే కోపం వచ్చింది. తర్వాత ఫారం తిప్పి చూశాను. అచ్చులోనే ఉంది. అన్నేళ్ల సర్వీసులో ఆ ఫారం వెనక్కి తిప్పింది ఆరోజే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఐస్ వల్ల రెండు రిపోర్టులూ చెల్లవని, తప్పు నాదేనని కవితకు చెప్పాను. ఆమె ముఖం విప్పారింది.

"గట్లయితే మా పిల్లకు ఏం లేనట్టేనా మేడం?"

"గది నాకు తెల్వదమ్మా. మళ్లొకసారి తీస్తేనే ఎరుకయితది."

ఆ రెండో మాట ఆమె చెవికెక్కలేదని నాకు తెలుస్తూనే ఉంది. అక్షయ మాత్రం చెయ్యి వెనక్కి దాచుకుంది. "నీది గూడ తీస్తరా మేడం?" అని అడిగింది. తీస్తారన్నాను. "అయితే ముందు నీది" అంది. అలాగే కానిచ్చాం.

ఈసారి గొట్టాలను దూదిలో చుట్టి, ఐస్ లేని పెట్టెలో, ఏసీ కారులో అదే రోజు చేర్పించాను. నా కణాలు చక్కగా పనిచేశాయి. అక్షయవి పనిచేయలేదు. కణాలు లెక్కకు సరిపడా ఉన్నాయి, సీడీ సిక్స్‌టీన్ అనే గ్రాహకం రూపంలోనే తేడా ఉంది. తర్వాత జన్యు పరీక్ష కూడా అదే ఖాయం చేసింది.

కవిత ఏడవలేదు. "గీ మాట మొదట్నే జెప్పిన్రు గదా మేడం. మరి నడుమల గట్లెందుకు జెప్పిన్రు?" అని మాత్రం అడిగింది.

లోపం ఆ ఒక్క గ్రాహకంలోనేనని, మందుతో నెట్టుకురావచ్చని తేలింది కాబట్టి డాక్టరు గారు మజ్జ మార్పిడికి తొందరపడలేదు. రోజూ వైరస్‌ను అణిచే మాత్ర రాసిచ్చారు. నేను విరమణ చేసేనాటికి అక్షయ బడికి పోతోంది, పుండ్లు అరుదయ్యాయి.

మొదటి రిపోర్టు చెప్పింది నిజమే. కానీ ఐస్‌లో పెడితే నా గురించీ అదే చెప్పేది కాబట్టి, ఆ నిజానికి విలువ లేదు. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ మా ల్యాబ్‌లో ఇలాంటి పరీక్షకు ఫారం రెండు వైపులా చదివాకే సూది తీసేవాళ్లం. ముందు మాలో ఒకరి గొట్టం నిండేది, తర్వాతే పిల్లలది.