నోటికి రాని పేరు

మా ఆయన నాకు ఇంగ్లీషు నేర్పింది పొయ్యి ముందర. నేను జొన్నరొట్టె కొడుతుంటే ఆయన గడప మీద కూర్చుని కంటికి కనపడిందల్లా చూపించేవాడు. దిస్ ఈజ్ మై పాట్. ఇట్ ఈజ్ ఎ బిగ్ పాట్. షి ఈజ్ అవర్ నైబర్. మంథని బడిలో నాలుగో తరగతి దాకా తెలుగు చదివినదాన్ని, ఆ మాటలు పలుకుతుంటే కాలే రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నట్టుండేది.

"రాకపోతే రాకపాయె, నాకెందుకు గీ గోస?" అని విసుక్కునేదాన్ని.

"బొగ్గుబాయి కాడ బెంగాలోళ్ళున్నరు, మలయాళమోళ్ళున్నరు. రేపు నేను పక్కన లేనప్పుడు వాళ్ళతోని మాట్లాడాల్సొస్తే ఏం జేస్తవు?" అనేవాడు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడింది. ఆదిలాబాద్ జిల్లాలో ఒక బాయి మీద, లోపలికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో ఆయన గుమాస్తా. కరీంనగర్‌లో ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషు మాత్రం పట్టుబట్టి నేర్చుకున్న మనిషి. మా పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు.

ఆ భాషలో నాకు నచ్చిన మాట ఒక్కటే, 'హీ'. మాలో ఆడవాళ్ళు మొగని పేరు నోటితో అనరు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అత్త ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పింది. పేరెత్తకుండా కాలం గడిపే దానికి 'హీ' కంటే ఏం కావాలి! ముందు హీ అనాలి, తర్వాత ఆ హీ ఎవరో చెప్పాలి, అదీ ఆయన నేర్పిన పద్ధతి. హీ ఈజ్ మై బ్రదర్. హీ ఈజ్ ఎ మిల్క్‌మ్యాన్. ఊళ్ళో వాళ్ళందరి గురించీ గడగడా చెప్పేదాన్ని. ఆయన తన గుండె మీద వేలు పెట్టుకుని చూపించుకుంటే మాత్రం 'హీ ఈజ్' దగ్గరే ఆగిపోయేదాన్ని. ఒకనాడు తెగించి "దిస్ ఈజ్ మై హీ" అన్నాను. ఆయన నవ్వీ నవ్వీ పొలమారాడు.

"మై అన్నంక మనిషన్న రావాలె, వస్తువన్న రావాలె. హీ రాదే!"

"ఎందుకు రాదు? మనం 'మా ఆయన' అంటలేమా? మొగణ్ని నావాడని చెప్పుకోనియ్యని బాస, గదేం బాస?"

"మై హస్బెండ్ అను."

"థూ, సిగ్గు లేదా!" అని పిండి చేతులతోనే ముఖం కప్పుకున్నాను. అనేదాకా ఆయన వదల్లేదు. చివరికి అన్నాను, గోడ వైపు తిరిగి.

ఆ వానాకాలం ఆయనకు జ్వరం పట్టుకుంది. ఎంతకీ వదలకపోతే బాయి దవాఖానలో చేర్చారు. మగవాళ్ళ వార్డులోకి బయటి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు. నేను జావ కాచి తీసుకుపోయి ఆయా చేతికిచ్చి, ఖాళీ గిన్నె వచ్చేదాకా వరండాలో కూర్చునేదాన్ని. ఒక పొద్దున ఆ ఆయా గిన్నెను నిండుగానే తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ ఆయనను వరంగల్ పెద్ద దవాఖానకు తోలుతున్నరు. ఎనుక తలుపు కాడ బండిల ఎక్కిస్తున్నరు, టేషన్ కాడికి పోయి రైలెక్కుతరు. ఇంటోళ్ళు ఒక్కలు పోవచ్చునట. నర్సమ్మను అడుగు, జల్ది పో!" అని చెప్పి తన పని మీద ఉరికింది.

ఒళ్ళు తెలియని జ్వరంలో ఆయన ఒక్కడే అంత దూరం పోవడమా? దాహమైతే చెంబు అందించేది ఎవరు? నర్సమ్మ కేరళ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఆమె బల్ల ముందు నిలబడి నోరు తెరిస్తే, గాబరాలో "మై హీ" అనే వచ్చింది.

"యువర్ హూ?" అంది ఆమె.

ఊపిరి పీల్చుకున్నాను. "హీ ఈజ్ మై హస్బెండ్. హీ ఈజ్ ఎ క్లర్క్. హీ గో వరంగల్. ఐ గో."

నా మీద నాకే ముచ్చటేసింది. ఆమె కూడా తల ఊపి కలం తీసింది. ఆ రోజు బండిలో ఇంకా రోగులున్నారు. నేను ఎవరి మనిషినో తెలియకుండా ఎక్కనివ్వరు. "నేమ్?" అంది.

అయిపోయింది నా చదువు. మంచం పట్టిన మనిషి ఆయుష్షు తగ్గించే పని ఇప్పుడే చేయాలా? మామూలుగా ఎవరన్నా అడిగితే మేము గుర్తు చెబుతాం. ఫలానా దేవుని పేరు అంటే చాలు, విన్నవాళ్ళే అందుకుని పలికేస్తారు. మా ఆయనది కొండగట్టు మీది దేవుని పేరు, లంక కాల్చినాయన పేరు. కరీంనగర్ వైపు ఇంటికొకరికి ఉంటుంది. కేరళ పిల్లకు కొండగట్టు ఏం తెలుసు? నాకొచ్చిన నాలుగు ముక్కల్లో ఆ దేవుణ్ణి వెదికి వెదికి, చివరికి "హీ ఈజ్ ఎ మంకీ" అన్నాను.

ఆమె కలం ఆగింది. "యువర్ హస్బెండ్?"

"యెస్. బిగ్ మంకీ." దేవుడని తెలియాలని కళ్ళు మూసుకుని దండం కూడా పెట్టాను.

కళ్ళు తెరిచేసరికి అటుగా పోతున్న కుర్ర డాక్టరు గోడ పట్టుకుని నవ్వుతున్నాడు. నర్సమ్మ పెదవి కొరుక్కుంటోంది. తలకాయ ఎక్కడ పెట్టుకోను! సిగ్గుతో చచ్చిపోయాను. బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మ దగ్గరికి పోయి ఆమె చేతులు పట్టుకున్నాను.

"అవ్వా, నువ్వన్న జర ఆ నర్సమ్మకు పేరు చెప్పు. మా ఆయనది కొండగట్టు దేవుని పేరు."

"అయ్యో బిడ్డా!" అని ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా ముసలాయనది గూడ గదే పేరు. నేనెట్లంట?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూస్తుండగానే వెనక బండి హారన్ కొట్టింది. వరండా చివరకు ఉరికాను. బండి కదిలింది. ఇంకేం ఆలోచించలేదు. ఆయన పేరు పెట్టి అరిచాను, దవాఖాన దవాఖానంతా వినేట్టు అరిచాను.

వేపచెట్టు కింద చుట్ట కాలుస్తున్న ముసలాయన "ఆఁ, వస్తున్న!" అని లేచాడు. "థూ, మొగని పేరు గట్ల పిలుస్తరానే! ఆయుష్షు పడిపోతది," అని ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. బండి కిటికీలోంచి మా ఆయన చెయ్యి పైకి లేచింది. నర్సమ్మ అది చూసి ఉరికి వచ్చి బండి ఆపించి నన్ను ఎక్కించింది.

లోపల ఎవరి ముఖమూ చూడలేకపోయాను. డ్రైవరు విన్నాడు, రోగులు విన్నారు, అందరూ విన్నారు. ఆయన కళ్ళు మూసుకునే, "ఇంకోపారి పిలువు," అన్నాడు.

"సప్పుడు జేయకుండ పండుకో."

"ఒక్కపారి. నా పేరు నీ నోట్లె మంచిగున్నది."

చెవుల దాకా కొంగు లాక్కుని ముఖం అటు తిప్పుకున్నాను. స్టేషన్ వచ్చేదాకా అటే చూశాను.

ఆయన బతికాడు. నెల తర్వాత ఇంటికి వచ్చేసరికి కోతి కథ కాలనీ అంతా పాకింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు నన్ను చూడగానే దండం పెట్టి కళ్ళు మూసుకునేవారు. నేను ఏడిస్తే ఆయన వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నేను పేరు పెట్టి పిలిచిన సంగతి విని మా అత్త మండిపడి, నన్ను కొండగట్టు తీసుకుపోయి తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పింది. ఆ తర్వాత పిల్లలు, వాళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు. 'ఇగో' అనీ, 'పిల్లల బాపు' అనీ నడిపించేశాను. ఇంకోసారి పిలువమని ఆయనా అడగలేదు.

ఆయన పోయి ఏళ్ళైంది. ఇప్పుడు తగ్గడానికి ఆయుష్షంటూ ఏం మిగల్లేదు. మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని, ఆయన పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాను. రాలేదు. అడిగిననాడు పిలవనిదాన్ని, ఇప్పుడు పిలిస్తే ఎవరు పలుకుతారని సిగ్గేసి, లేచి తలుపు తీశాను.