లచ్చవ్వ పేరు బయటపెట్టాను

2023లో కరీంనగర్‌లో ఒక చిన్న ప్రాజెక్టులో పనిచేసేదాన్ని. పాత భక్తి పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ పాట ఎవరిదో, ఏ కాలానిదో తేల్చే పని. ఇంట్లోవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. "పాటలు టైప్ చేస్తది" అని చుట్టాలకు చెప్పి ఊరుకునేవాళ్లు.

మంథని దగ్గర ఒక గురువుగారి మఠం ఉంది. ఆయన పోయి రెండు మూడు తరాలైంది. ఆయన తత్త్వాలను, అంటే జ్ఞానం బోధించే పాటలను, మఠంవాళ్లు పుస్తకంగా అచ్చు వేశారు. ప్రతి పాట చివర ఆయన పేరే ఉంటుంది. ఆ పాటలన్నింటినీ స్టైలోమెట్రీకి పెట్టాను. ఈ పద్ధతిలో 'మాయ', 'ఆత్మ' లాంటి గొప్ప మాటలతో పనిలేదు. 'మరి', 'కాని', 'అయితే' లాంటి చిల్లర మాటలు ఎవరు ఎంత వాడారో ప్రోగ్రాం లెక్క కడుతుంది. వెనక నుంచి నడక చూసి మనిషిని పోల్చుకోవడం లాంటిదే.

కొన్ని పాటలు మిగతావాటితో కలవకుండా విడిగా పోయి కూర్చున్నాయి, అంటే వాటిని కట్టింది వేరే ఎవరో. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అంతే. అవన్నీ నేను మఠంలో విన్నవే. ఏటా గురువుగారి ఆరాధన నాడు, హారతి వేళ రాజవ్వ పాడే పాటలు. బీడీలు చుట్టి బతికే రాజవ్వకు ఏడాదికి ఆ ఒక్క పూట మఠంలో ముందు వరస. ఆమె ఎత్తుకుంటే ఊరి పెద్దలు కూడా గొంతు కలిపేవారు.

రాజవ్వ ఇంటికి వెళ్లి అడిగాను. బీడీల చాట పక్కన పెట్టి నవ్వింది.

"అవి మా అమ్మమ్మ లచ్చవ్వ కట్టినయి బిడ్డా. గురువు దగ్గర బోధ తీసుకున్నది. పాటలల్ల గురువు పేరే పెట్టింది."

"మరి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదా అవ్వా?"

"చెప్పలే. నువ్వు గూడ చెప్పకు జర."

పెద్దావిడ మొహమాటం అనుకున్నాను. ఒక ఆడమనిషి పేరు మరుగున పడిపోయిందని నాలో నేనే ఆవేశపడ్డాను. ఆ ఏటి ఆరాధనకు తగుదునమ్మా అని ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి, అందరి ముందూ లచ్చవ్వ పేరు చెప్పాను. ఇందులో అనుమానమే లేదని కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు. రాజవ్వ తల ఎత్తలేదు. సిగ్గుపడుతోందనుకుని మురిసిపోయాను.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాను. హారతికి ఇంకెవరో ఇంకేదో పాట ఎత్తుకున్నారు. రాజవ్వ వెనక వంటల దగ్గర వంకాయలు కోస్తోంది. మఠం పెద్దాయనను అడిగితే మర్యాదగానే చెప్పారు.

"ఆరాధనల గురువు పాటలే పాడాలె గదమ్మా. అవి గురువువి కావని మీరే చెప్తిరి."

"ప్రోగ్రాం చెప్పేది అంచనాయేనండీ, వందకు వంద నిజమని కాదు," అన్నాను. నా పనిని నేనే తక్కువ చేసుకున్నాను.

"నిరుడు గీ మాట చెప్పలే గదా," అని ఆయన హారతి పళ్లెం అందుకున్నారు.

వెళ్లి రాజవ్వ ఎదురుగా కూర్చున్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తప్పయింది అవ్వా," అన్నాను.

ఆమె కోపం చేయలేదు. "మా అమ్మమ్మ గా పేరు ఊకెనే పెట్టలే బిడ్డా. లచ్చవ్వ కట్టిందంటే ఎవలు పాడనిస్తరు? నా పేరు పోతే పోనీ, పాట ఉండాలె అన్నది. గందుకే నీకు చెప్పకు అన్న." చేతిలో వంకాయ కోస్తూనే ఉంది.

ఈ పనిలో చాలా నేర్చుకున్నాను గానీ, ఇది నేర్చుకున్న తీరుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాట ఎవరిదో ప్రోగ్రాం చెప్పగలదేమో. ఆ సంగతి ఎందుకు దాచారో చెప్పదు. అది నేను నోరు తెరిచి అడగాల్సింది. 'ఎందుకవ్వా' అన్న ఒక్క మాట అడగలేకపోయాను. ఇప్పుడు ఎవరైనా చెప్పవద్దంటే ముందు కారణం అడుగుతున్నాను. ఆలస్యంగా వచ్చిన ఈ బుద్ధి రాజవ్వకు ఎందుకూ పనికిరాలేదు. లచ్చవ్వ పేరు మా ప్రాజెక్టు మీద రాసిన వ్యాసంలో అచ్చయింది. ఆమె పాటలు మాత్రం హారతి వేళ ఇప్పుడు ఎవరూ పాడటం లేదు.